లాగిన్ లో ఉన్న లాగ్ అంటే దుంగేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. రోజూ లాగిన్ అవుతూనే ఉంటాం కదా, నిన్న డిక్షనరీలో ఇంకేదో వెతుకుతుంటే లాగ్ అంటే చెట్టు దుంగ అని కనపడింది. కంప్యూటర్ లోకి వెళ్లడానికీ దుంగకీ ఏంటండీ సంబంధం? ఇంకోటి, మొన్న మెయిల్ లో "ఐ లాగిన్డ్ ఎస్టర్డే" అని రాస్తే మా టీమ్ లీడ్ దాని కింద ఎర్ర గీత పెట్టి పంపారు, ఎందుకు తప్పో అడగడానికి మొహమాటం వేసింది.

జవాబు 1:
ఆ దుంగేనండీ, నిజంగా. ఇది ఓడల నుంచి వచ్చిన మాట. నడి సముద్రంలో చుట్టూ నీళ్లే, ఓడ ఎంత స్పీడ్ లో పోతోందో తెలియడానికి ఏ గుర్తూ ఉండదు కదా, అందుకని ఒక చెక్కముక్కకి పొడుగాటి తాడు కట్టి ఓడ వెనక నుంచి నీళ్లలోకి వేసేవాళ్లు. చెక్క పడిన చోటే తేలుతూ ఉండిపోతుంది, ఓడేమో ముందుకి పోతుంటుంది, తాడు జరజరా వదులవుతుంటుంది. ఆ తాడుకి సమాన దూరాల్లో ముడులు వేసుంటాయి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారితే అంత స్పీడ్. 28 సెకన్ల గడియారమైతే ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు. ఓడల స్పీడ్, విమానాల స్పీడ్ ఇప్పటికీ నాట్స్ లో చెప్తారు చూడండి, నాట్ అంటే ముడి, అది ఇదే. ఆ లెక్కని ఎక్కించే పుస్తకమే లాగ్ బుక్. తర్వాత్తర్వాత ఏ వివరమైనా సరే పుస్తకంలో ఎక్కించడాన్ని లాగ్ చెయ్యడం అనేశారు.

జవాబు 2:
పైన భలే వివరంగా చెప్పారు, కంప్యూటర్ సంగతి నేను కలుపుతా. 1960ల్లో గది నిండా ఉండే ఒకే మెషీన్ ని చాలామంది ఎవరి టెర్మినల్ (ఆ మెషీన్ కి కలిపిన కీబోర్డ్ లాంటిది) నుంచి వాళ్లు పంచుకునేవాళ్లు, ఎవరొచ్చారు, ఎంతసేపు వాడారు అని లెక్క ఉండాలి కదా. అమెరికాలో ఎమ్ఐటీ యూనివర్సిటీ వాళ్లు మొదట 1961లో చూపించిన సీటీఎస్ఎస్ అనే అలాంటి పంచుకునే సిస్టమ్ లో లాగిన్, లాగవుట్ అని కమాండ్లే ఉండేవి. అంటే తలుపు తీసుకుని లోపలికి వెళ్లడం కాదు, వచ్చినట్టు పేరు ఎక్కించుకోవడం, హాజరు పట్టీలో సంతకం పెట్టినట్టే.

జవాబు 3:
ఎర్ర గీత ఎందుకంటే, కలిపి రాసే లాగిన్ నామవాచకం, లాగిన్ పేజీ అంటాం కదా అలా. క్రియ అయితే లాగ్ ఇన్, రెండు ముక్కలు, కాలం మారితే మార్పు లాగ్ కే వస్తుంది, "ఐ లాగ్డ్ ఇన్ ఎస్టర్డే" అనాలి. మనం తెలుగులో లాగిన్ అయ్యాను అని ఒకే మాటగా వాడి వాడి ఇంగ్లీష్ లోకీ అలాగే తీసుకెళ్తాం. బ్యాకప్ కూడా ఇంతే, బ్యాక్డ్ అప్ కరెక్ట్, బ్యాకప్డ్ కాదు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ, ఆ ముడుల సంగతి చదివాక ఇక మర్చిపోను. లాగ్ ఆన్ అని కూడా అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

జవాబు 3:
ఒకటేనండీ. జంట మాత్రం చూసుకోండి, ఇన్ కి అవుట్, ఆన్ కి ఆఫ్.