2024లో ఐర్లండ్ ఒక్కటైందట! బీబీసీ ఆ ఎపిసోడ్‌ను దాచడం తప్పా, ఒప్పా?

పాతటీవీ:
శనివారం వాన పట్టుకుంది. ఎక్కడికీ కదల్లేక అమెరికా అంతరిక్ష సీరియల్ 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' మూడో సీజన్ మళ్లీ పెట్టుకున్నాను. దూరదర్శన్‌లో ఆదివారాలు పాత స్టార్ ట్రెక్ హీరోలు కిర్క్, స్పాక్‌లను చూసి పెరిగిన బాపతు నేను. ఈ రెండో సిరీస్ మాత్రం పెద్దయ్యాకే చూశాను. పన్నెండో ఎపిసోడ్ 'ది హై గ్రౌండ్' దగ్గర ఆగిపోయాను. అమెరికాలో 1990 జనవరి చివర్లో వచ్చింది.

చూడనివాళ్ల కోసం కథ: రుటియా అనే గ్రహంలో అన్సాటాలు వేరే దేశం కావాలని తరాలుగా కొట్లాడుతున్నారు, బాంబులు పెడుతున్నారు. ఎంటర్‌ప్రైజ్ నౌక అక్కడికి మందులు తెస్తుంది. పేలుడులో గాయపడ్డవాళ్లకు వైద్యం చేస్తున్న డాక్టర్ క్రషర్‌ను అన్సాటాలు ఎత్తుకుపోతారు. వాళ్ల నాయకుడు ఫిన్ మాటకారి, బొమ్మలు కూడా బాగా వేస్తాడు. అవతల పోలీసు అధికారిణి డెవోస్. ఆవిడా ఒకప్పుడు మెతక మనిషే, బడిపిల్లల బస్సును పేల్చినప్పటి నుంచి మారిపోయింది.

గొడవంతా ఒక్క సీను మీద. డేటా అనే మరమనిషి చరిత్రంతా తిరగేసి కెప్టెన్ పికార్డ్‌ని అడుగుతాడు: ఉగ్రవాదంతో రాజకీయ మార్పు సాధించినవాళ్లు ఉన్నారు కదా అని. మూడు ఉదాహరణలు ఇస్తాడు. స్పెయిన్ నుంచి మెక్సికో స్వాతంత్ర్యం, 2024లో ఐర్లండ్ ఏకీకరణ, కెన్సీ తిరుగుబాటు. రెండోది విన్నారుగా. అప్పటికి బ్రిటన్ కింద ఉన్న ఉత్తర ఐర్లండ్‌లో, దాన్ని ఐర్లండ్‌లో కలపాలని పోరాడే సాయుధ సంస్థ ఐఆర్ఏ బాంబులు పేలుతూనే ఉన్నాయి. సిరీస్ అంతా వేసిన బీబీసీ దీన్ని మాత్రం దాటేసింది. శాటిలైట్‌లో స్కై వన్ ఆ మాట కత్తిరించి వేసింది. బీబీసీలో పూర్తిగా వచ్చింది 2007 సెప్టెంబరులో. ఐర్లండ్‌లో కూడా మొదటి విడత ప్రసారాల్లో రాలేదు.

నా మాట: బీబీసీ చేసింది తప్పు. ఆ సీనులో పికార్డ్ ఉగ్రవాదాన్ని మెచ్చుకోడు. అధికారం తుపాకీ గొట్టంలోంచి వస్తుందన్న మాటను తానెప్పుడూ ఒప్పుకోలేదంటాడు. అన్ని దారులూ మూసుకుపోయినప్పుడైనా సరైనదేనా అని డేటా మళ్లీ అడిగితే, ఇది మనుషులకే తెగని ప్రశ్న, నీ అయోమయం మనుషులదే అంటాడు. దాన్ని దాచాలా?

రిమోట్‌రాజు:
దాచడంలో బ్రిటిష్ వాళ్ల తర్వాతే ఎవరైనా. ఆ రోజుల్లో టీవీలో ఐఆర్ఏకి రాజకీయ రెక్క లాంటి షిన్ ఫేన్ పార్టీ నాయకుడు జెర్రీ ఆడమ్స్ ముఖం చూపించొచ్చు, గొంతు వినిపించకూడదు. దాంతో వేరే నటుడితో డబ్బింగ్! స్టీఫెన్ రే లాంటి పేరున్న నటుడు ఆయనకు గొంతిచ్చాడు. మనం డబ్బింగ్ సినిమాలు చూసి పెరిగినవాళ్లం కాబట్టి నవ్వొస్తుంది గానీ, ఒక ప్రభుత్వం ఎంపీకి డబ్బింగ్ పెట్టించడం ఏమిటసలు? పెదవులు కూడా కలిసేవట.

ఈ బీబీసీయే పాత సిరీస్‌లో కిర్క్, ఉహురాల ముద్దు కూడా వేయలేదు. నల్లావిడను తెల్లాయన ముద్దు పెట్టుకున్నాడని.

పాతటీవీ:
రాజు గారూ, డబ్బింగ్ సంగతి నిజం. ముద్దు సంగతి కాదు. 1968 నాటి ఆ ఎపిసోడ్‌ను బీబీసీ ఏళ్ల తరబడి ఆపిన మాట వాస్తవమే. దాంతో పాటు ఇంకో మూడు కూడా పక్కన పెట్టింది. అడిగినవాళ్లకు చెప్పిన కారణం చిత్రహింస, పిచ్చి, రోగం లాంటివి పిల్లలు కూడా చూసే సీరియల్‌కు తగవని. ముద్దుకి అమెరికాలో దక్షిణాది స్టేషన్లు ఏమంటాయోనని భయపడ్డది ఆ దేశపు నెట్‌వర్క్.

భ్రమర_బెల్‌ఫాస్ట్:
పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ, ఉత్తర ఐర్లండ్‌లో నర్సుగా చేస్తున్నాను. అందుకని రాయకుండా ఉండలేకపోతున్నా.

పాతటీవీ గారూ, మీరు 2007 తర్వాతి కళ్లతో చూస్తున్నారు. బీబీసీ టూలో ఈ సీరియల్ వచ్చింది సాయంత్రం ఆరు ప్రాంతంలో, పిల్లలు అన్నం తింటూ చూసే టైములో. అదే టైముకి పక్క ఛానెల్లో ఆరు గంటల వార్తలు. 1989 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని డీల్ పట్టణంలో ఐఆర్ఏ బాంబుకి సైనిక బ్యాండు వాళ్లు 11 మంది పోయారు. 1991లో ప్రధాని ఇంటి పెరట్లోకే మోర్టార్ వచ్చి పడింది. 1993లో వారింగ్టన్ బజారులో చెత్తడబ్బాల్లో బాంబులు పెడితే ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. ఈ ఛానెల్లో అలాంటి వార్త, ఆ ఛానెల్లో ఒక మంచి మరబొమ్మ "ఆ పద్ధతి ఐర్లండ్‌లో పనిచేసింది" అని చెప్పడం. ఆ ఇంట్లో వాళ్లకి ఎలా ఉంటుంది?

నా వార్డులో ఒక పెద్ద సిస్టర్ ఉండేవారు, ఇప్పుడు రిటైరయ్యారు. డ్యూటీకి వచ్చేటప్పుడు రోజూ బాంబు ఉందేమోనని కారు కింద వంగి చూసుకునేదాన్నని చెప్పేవారు. వాళ్లాయన పోలీసు. ఆవిడ దగ్గర భావ ప్రకటనా స్వేచ్ఛ గురించి మాట్లాడడానికి నాకు నోరు రాదు.

లాయరుగిరి:
భ్రమర గారి బాధ అర్థమైంది. కానీ రెండు సంగతులు కలిసిపోతున్నాయి, విడదీద్దాం.

1988 అక్టోబరులో బ్రిటన్ హోం మంత్రి డగ్లస్ హర్డ్ ఇచ్చిన ఉత్తర్వులో రెండు భాగాలు. ఒకటి, పేర్కొన్న సంస్థల ప్రతినిధుల మాటలు వాళ్ల గొంతుతో ప్రసారం కాకూడదు. రెండు, ఆ సంస్థలకు మద్దతు తెలిపే, మద్దతు కోరే మాటలు ఎవరు అన్నా ప్రసారం కాకూడదు. అది 1994 సెప్టెంబరు వరకు నడిచింది. డేటా ప్రతినిధి కాడు. "పనిచేసింది" అనడం "మంచిది" అనడమూ కాదు. అడ్డదారిన వెళ్తే తొందరగా చేరావు అంటే, అడ్డదారే వెళ్లమని అర్థమా? కాబట్టి ఈ ఎపిసోడ్ ఏ భాగం కిందికీ రాదు. ఎవరూ ఆపమనకుండానే బీబీసీ తనంతట తాను ఆపింది. నాకు కోపం అక్కడే. నిషేధం ఉంటే కోర్టుకెళ్లొచ్చు. "ఎందుకొచ్చిన గొడవ" అని బీరువాలో పెట్టేస్తే ఎవరి మీద వెయ్యాలి కేసు?

మన దగ్గర 1988లోనే దూరదర్శన్‌లో 'తమస్' వచ్చింది. దేశ విభజన నాటి మారణకాండ. ఆపమని కోర్టుకెళ్లారు, మత కలహాలు లేస్తాయన్నారు. సుప్రీంకోర్టు కుదరదంది. ప్రతి మాటలోనూ ప్రమాదం వాసన పట్టే బెదురు మనసులతో కాదు, ధైర్యమూ వివేకమూ ఉన్న మామూలు మనిషి కళ్లతో చూడాలన్నది తీర్పు సారం. దూరదర్శన్ అంటే నవ్వుతాం గానీ, అది సీరియల్ వేసి కోర్టులో నిలబడింది. బీబీసీ వేయనే లేదు.

నాచారం_నాని:
నేను గూడ నిన్న రాత్రి చూసిన. ఏమున్నదన్నా అందుల? సగం సేపు గుహల కూసొని ముచ్చట్లే. గా వెలుగుల మాయమయ్యి ఇంకో తాన తేలుడు, గది వాడితే వాళ్ల ఒళ్లే పాడైతదని చెప్పుడు, అంతే. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ మేడమే అమెరికా స్వాతంత్ర్య పోరాటం లెక్క రాద్దామనుకున్నదట, పికార్డ్ బ్రిటిష్ జనరల్ కారన్‌వాలిస్ అయితడు, సీరియల్ల శత్రుజాతి రోములన్లు ఫ్రెంచోళ్లయితరు. పైనున్నోళ్లు కాదు, ఉత్తర ఐర్లండ్ లెక్క చేయుమన్నరట. అదే టీముల రోనాల్డ్ మూర్ గూడ తర్వాత, ఉగ్రవాదం మీద మాకు కొత్తగ చెప్పెటిదేం లేకుండె అని ఒప్పుకున్నడు.

బీబీసీ ఆపకపోతే దీన్ని ఎవ్వడూ యాదికి పెట్టుకోకపోవు. ఫిన్ తనను వాషింగ్టన్‌తోని పోల్చుకునే ముచ్చట మంచిగుంటది. గది ఎవ్వరన్న మాట్లాడుతున్నరా? లేదు. అందరు గా ఒక్క లైను ఎంబడే పడ్డరు.

రిమోట్‌రాజు:
నాని తమ్ముడూ, నువ్వన్నది నూటికి నూరుపాళ్లు. ఇంకో తమాషా, ఆ సీనులో డేటా మాటలు వింటూ కూర్చున్న పికార్డ్ పాట్రిక్ స్టూవర్ట్, యార్క్‌షైర్ మనిషి. ఫ్రెంచి పేరు పెట్టుకున్న ఇంగ్లీషాయన ముందు అమెరికా మరమనిషి ఐర్లండ్ ముచ్చట చెబుతున్నాడు.

భ్రమర_బెల్‌ఫాస్ట్:
గిరి గారూ, 'తమస్' పోలిక నాకు అతకదు. అది జరిగిపోయి నలభై ఏళ్లయిన దాని గురించి, బాధపడ్డవాళ్ల వైపు నుంచి తీసింది. ఇది జరుగుతున్న దాని గురించి, సముద్రం అవతల ఎక్కడో కాలిఫోర్నియాలో కూర్చుని, ఫలితం కూడా ముందే చెప్పేసి రాసింది. "మీ ఇంటి ముందు బాంబులు పెడుతున్నవాళ్లు చివరికి గెలుస్తారు" అని తేదీతో సహా! గొడవల్లో మూడున్నర వేల మంది దాకా పోయిన నేల ఇది. కాలిఫోర్నియా రైటర్లకు అదొక ఉదాహరణ, అంతే.

సరే, పూర్తిగా దాచడం ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటా. రాత్రి పదకొండుకి వేసి, ముందు ఒక మాట చెప్పాల్సింది. లేదంటే స్కై వాళ్లలా ఆ ముక్క తీసేసి వేయాల్సింది.

పాతటీవీ:
భ్రమర గారూ, రాత్రి పదకొండు మాట బాగుంది. అది అప్పుడే చేసి ఉంటే ఈ చర్చే లేదు. మీ సిస్టర్ గారి కారు సంగతి చదివాక నా మొదటి పోస్టులో ఆ చివరి వాక్యం కాస్త పొగరుగా అనిపించింది.

కానీ "ఆ ముక్క తీసేయడం" దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. పూర్తిగా ఆపడం కన్నా అదే పెద్ద తప్పు. డేటా ఇచ్చిన మూడింట్లో ఐర్లండ్ తీసేస్తే ఏం మిగిలింది? 1821లో తేలిపోయిన మెక్సికో, కథలో కల్పించిన కెన్సీ. అంటే చూసేవాడికి నొప్పి పుట్టే ఉదాహరణ ఒక్కటీ లేదు. అప్పుడు ఆ సీను ఏం చెబుతోంది? ఉగ్రవాదం పనిచేస్తుంది, కాకపోతే ఎక్కడో, ఎప్పుడో, మనకు సంబంధం లేని చోట. పికార్డ్ ఇబ్బంది పడి తెగని ప్రశ్న అన్నది ఎందుకో కూడా తెలియదు. మెక్సికో గురించి ఇంగ్లండ్‌లో ఎవడికి ఇబ్బంది? మీకు అభ్యంతరమైన మాటే ఆ సీనులో నిజాయితీ ఉన్న మాట. దాన్ని తీసేశాక మిగిలిందే అసలైన ప్రచారం.

ఇంకొకటి. స్వతంత్ర ఐర్లండ్ రాజధాని డబ్లిన్ వైపు చూడండి. అప్పటి ఐర్లండ్ రాజ్యాంగంలో రెండో, మూడో అధికరణాలు ద్వీపమంతా తమదేనని రాసుకున్నాయి. 1998 శాంతి ఒప్పందం తర్వాతే మార్చుకున్నారు. ఏకీకరణ రాజ్యాంగంలో ఉండొచ్చు, టీవీలో మరమనిషి నోట ఉండకూడదు! అక్కడా ప్రసార చట్టం 31వ సెక్షన్ కింద 1994 జనవరి దాకా ఇలాంటి నిషేధమే. మాట పెగలనివ్వకపోవడంలో రెండు ప్రభుత్వాలదీ ఒకే దారి.

లాయరుగిరి:
ఆ అధికరణాల పాయింటు నాకు తట్టలేదు సుమా. ఇక 'తమస్' మీద భ్రమర గారి అభ్యంతరంలో సగం ఒప్పుకుంటున్నా. కాలం తేడా ఉంది. కానీ 1988లో మన దేశంలో మత కలహాలు పాత చరిత్ర ఏమీ కాదు, ఏడాది ముందే మీరట్ అయింది. ప్రమాదం నిజమే. అయినా వేశారు.

భ్రమర_బెల్‌ఫాస్ట్:
మెక్సికో మాట ఆలోచించాల్సిందే. డ్యూటీకి టైమైంది, వచ్చాక రాస్తా. ఒక్కటి మాత్రం: 2007లో వేశారు కదా, అది గొప్ప ధైర్యమేమీ కాదు. 2005లోనే ఐఆర్ఏ సాయుధ పోరు ముగిసిందని ప్రకటించింది. 2007 మేలో, బ్రిటన్‌తోనే ఉండాలనే ఇయాన్ పైస్లీ, ఒకప్పటి ఐఆర్ఏ మనిషి, షిన్ ఫేన్ నాయకుడు మార్టిన్ మెక్‌గిన్నెస్ ఇక్కడ ఒకే ప్రభుత్వంలో పక్కపక్కన కూర్చుని నవ్వుకున్నారు. ఆ జులై ఆఖరున బ్రిటిష్ సైన్యం ఇక్కడి 38 ఏళ్ల ఆపరేషన్ ముగించింది. సెప్టెంబరులో ఎపిసోడ్ వేశారు. అప్పటికి ఆ మాటకు పళ్లు ఊడిపోయాయి.

రిమోట్‌రాజు:
పళ్లు ఊడలేదండోయ్! 2024 ఫిబ్రవరిలో మిషెల్ ఓనీల్ ఉత్తర ఐర్లండ్‌కి ముఖ్యమంత్రి లాంటి ఫస్ట్ మినిస్టర్ అయ్యింది, షిన్ ఫేన్ పార్టీ నుంచి. ఐర్లండ్ ఏకం కావాలనే పక్షం వాళ్లు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదటిసారి. ఆ వారం సోషల్ మీడియా నిండా డేటా బొమ్మే. బ్రహ్మంగారి కాలజ్ఞానం లెక్కన "స్టార్ ట్రెక్‌లో ఆనాడే చెప్పారు" అని ఒకటే గోల.

భ్రమర_బెల్‌ఫాస్ట్:
బస్సులో ఉన్నా, అందుకే పొట్టిగా. చెప్పలేదు రాజు గారూ, ఏకం కాలేదు. 2024 వెళ్లిపోయింది కూడా. 1998 ఒప్పందం ప్రకారం జనం అందుకు ఓటేసేలా ఉన్నారనిపిస్తే ఇక్కడి వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి రెఫరెండం పెట్టాలి, ఇప్పటిదాకా పెట్టలేదు. ఓనీల్ గారు కుర్చీ ఎక్కింది ఓట్లతో. డేటా చెప్పిన పద్ధతిలో కాదు. ఎపిసోడ్ తప్పింది అక్కడే.

నాచారం_నాని:
గిది మంచిగ చెప్పినవ్ అక్కా. మరి గా కెన్సీ తిరుగుబాటు ఏంది? సీరియల్ల ఇంకెక్కడన్న వస్తదా? దాని సంగతి ఎవ్వరు అడుగుతలేరు.

పాతటీవీ:
అదేమిటో ఆ ఎపిసోడ్‌లో చెప్పరు నానీ, పేరు చెప్పి వదిలేస్తారు. ఎవడు ఎవడి మీద తిరగబడ్డాడో తెలియదు. అందుకే దానికి ఏ సెన్సారూ లేదు.