డీసీఎం ఎక్కనంటున్న గుర్రం: స్వారీకి ముందే సరిచేయాలా?

మొయినాబాద్ తోట:
మా తోటలో నాలుగేళ్ల మార్వాడీ ఆడగుర్రం ఉంది. పగ్గం పట్టుకొని నడిస్తే బుద్ధిగా వెంట వస్తుంది, జీను కూడా వేయనిస్తుంది. కానీ డీసీఎం (చిన్న లారీ) వెనుక తలుపు దించి ర్యాంపు వేయగానే ముందుకాళ్లు బిగబట్టి తల పైకెత్తేస్తుంది. వెనుక తాడు అడ్డం వేసి ఇద్దరు మనుషులతో నెట్టించడం నాకు ఇష్టం లేదు. స్వారీ మొదలుపెట్టే ముందే ఈ భయం పోగొట్టాలా, రెండూ కలిపి సాగించవచ్చా? ఇంటి దగ్గరే శిక్షణ ఇచ్చినవారు దయచేసి చెప్పండి.

చేవెళ్ల రౌతు:
బండిని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మనతో పాటు నడవడం వేరు, మనం నిలబడి ఉండగా చూపించిన చోటికి తానుగా అడుగు వేయడం వేరు. బండి ఎక్కడానికి ఆ రెండోది కావాలి. పగ్గం మీద కొద్దిపాటి ఒత్తిడి పెట్టి, ఒక్క కాలు కదిలినా, కనీసం ఒంటి బరువు ముందుకు వాలినా, ఆ క్షణంలోనే వదులు చేయాలి. అది వెనక్కు గుంజినప్పుడు వదిలారంటే వెనక్కు గుంజడమే దానికి అలవాటవుతుంది. ఆ తరువాత నేలమీద మందమైన ప్లైవుడ్ పలక పరచి, డెక్కల కింద వచ్చే డబడబ శబ్దానికి అది తల దించి, పెదవులు నాకుతూ నిలబడేదాకా దాని మీదే నడిపించండి.

రాజేంద్రనగర్ పశువైద్యుడు:
గుర్రం తన చుట్టూ దాదాపు అంతా చూడగలదు గానీ, సరిగ్గా నుదుటి ముందు, తోక వెనుక ఉన్నది దానికి కనబడదు. పైగా ఎండలోంచి చీకట్లోకి వెళితే దాని కళ్లు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. మిట్టమధ్యాహ్నం టార్పాలిన్ కప్పిన డీసీఎం దానికి చీకటి గుయ్యారం. పక్క టార్పాలిన్ ఎత్తి, వెలుతురు లోపలికి పడేలా బండిని తిప్పి నిలపండి. మొండిదని తేల్చే ముందు కాళ్లు, నడుము నొప్పి లేవని పరీక్ష చేయించండి. వెన్నెముక ఎముకల ఎదుగుదల ఐదారేళ్ల దాకా పూర్తికాదు కాబట్టి ఈ వయసులో స్వారీ తేలికగా, కొద్దిసేపే ఉండాలి. మన వేసవిలో అదీ తెల్లవారుజామునే ముగించాలి.

కార్వాన్ సైసుగారబ్బాయి:
పెళ్లి ఊరేగింపు గుర్రాలు బ్యాండు మోతకు బెదరవు గానీ, కాలి కింద ఊగే ర్యాంపుకు బెదురుతాయి. అందుకే మా నాన్నగారు బండిని మట్టిగట్టుకు ఆనించి, గట్టు, బండి నేల ఒకే ఎత్తులో ఉండేలా చూస్తారు. ఇనుప నేలమీద గోనెసంచులు పరచి గడ్డి వేస్తే కాలు జారదు, శబ్దమూ రాదు. బెల్లం మాత్రం లోపలికి వచ్చాకే పెట్టాలి. ముందే చూపిస్తే మెడ చాచి అందుకొని వెనక్కు పోతుంది.

శామీర్‌పేట:
గట్టు అన్నిచోట్లా దొరకదు, కనుక ర్యాంపు నేర్పక తప్పదని నా అభిప్రాయం. దింపడం కూడా ఎక్కించినంత పనే. సగం దాకా ఎక్కించి, నెమ్మదిగా వెనక్కు అడుగులేయించి దింపండి. వెనుక అడ్డకర్ర బిగించాకే తల కట్టాలి, తల విప్పాకే ఆ కర్ర తీయాలి. ఈ వరుస తప్పితే కట్టి ఉన్న గుర్రం వెనక్కు దూకి తాడు తగిలి మెడ దెబ్బతింటుంది. మా దగ్గర మలక్‌పేట రేసుల నుంచి వచ్చినది ఉంది. బండి చకచకా ఎక్కుతుంది గానీ, రికాబులో (జీనుకు వేలాడే, కాలు పెట్టే కడియంలో) కాలు పెట్టగానే కదిలిపోతుంది. కనుక రికాబు మీద బరువు వేసి, అది నిలబడగానే దిగిపోవడం కూడా నేలమీది శిక్షణలో భాగంగానే చేస్తున్నాను.

మొయినాబాద్ తోట:
ఈరోజు పరీక్షించాను. ముందుకు అడుగేస్తుంది గానీ, వెనక్కు వెళ్లమంటే నడుము వంకరగా తిప్పేస్తుంది.

చేవెళ్ల రౌతు:
ప్రహరీ గోడ పక్కన నిలబెట్టి వెనక్కు నడిపించండి. గోడ ఒకవైపు అడ్డం ఉంటుంది, రెండోవైపు మీరుంటారు. తిన్నగా రెండడుగులు వేస్తే ఆ పూటకు చాలు, తరువాతే బండి దగ్గరికి తీసుకెళ్లండి.