డిడక్టబుల్ పెద్దదైతే రేట్లు కనుక్కుని వైద్యానికి వెళ్తామా?

జెర్సీ బాబాయ్: ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ మొదలైంది, అదే ఏటా ఆఫీసు ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకునే టైమ్. హై డిడక్టబుల్ ప్లాన్ తీసుకోమని మా హెచ్‌ఆర్ ఒకటే పోరు. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ కట్టడం మొదలుపెట్టేలోపు ఏడాదిలో మనం కట్టేది, అంటే మొదటి 4,000 డాలర్లు మన జేబులోంచే పోతాయి. సొంత డబ్బయితే జనం రేటు కనుక్కుని వెళ్తారట. నిజంగా ఎవరైనా కనుక్కుంటున్నారా?

డాలస్ మామ: నేను కనుక్కున్నా. మోకాలి ఎమ్మారైకి హాస్పిటల్లో 2,100 అన్నారు. ఆ స్కాన్ బిల్లింగ్ కోడ్ అడిగి తీసుకుని (73721) బయట ఇమేజింగ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే 480. హాస్పిటళ్లు రేట్లు బయటపెట్టాలని 2021 నుంచి రూలే ఉంది. బద్ధకిస్తే ఎవరేం చేస్తారు?

ఒహాయో అక్క: ఆ 480 ఇన్సూరెన్స్ వాడకుండా కట్టే క్యాష్ రేటా, ఇన్సూరెన్స్ రేటా?

డాలస్ మామ: క్యాష్. అయితే?

ఒహాయో అక్క: అయితే మామూలుగా అది డిడక్టబుల్ లెక్కలోకి రాదు. రేపు సర్జరీ అంటే మళ్లీ సున్నా నుంచి కట్టాలి. ఈ కాలి ఎమ్మారైల మీదే ఒక స్టడీ ఉంది. పేషెంట్లు సగటున ఆరు చవక సెంటర్లు దాటుకుని మరీ డాక్టర్ పంపిన చోటికే వెళ్లారు.

సియాటిల్ కుర్రాడు: టైలనాల్ మాత్ర వేసుకుని పడుకోవడమే నా ప్లాన్ 😀

డాలస్ మామ: నాకు 1,620 మిగిలింది. అది అబద్ధమా?

ఒహాయో అక్క: మీకు మిగిలింది, సరే. కానీ ఒక పెద్ద కంపెనీ తన ఉద్యోగులకి వైద్యం ఉచితంగా ఇచ్చే ప్లాన్ తీసేసి అందర్నీ డిడక్టబుల్‌లోకి మార్చింది. ఖర్చు 12-14 శాతం తగ్గింది. చవక డాక్టర్లని వెతుక్కోవడం వల్ల కాదు, అసలు వెళ్లడమే తగ్గించారు, అవసరమైన వాటికి కూడా. మా బాబుకి రాత్రి ఆయాసం వస్తే మా ఆయన "డిడక్టబుల్ ఇంకా చాలా ఉంది, తెల్లారనీ" అన్నారు. నెబ్యులైజర్ పట్టుకుని నేను కూర్చున్నా. అప్పుడు ఏ కోడ్ అడగాలండీ?

డాలస్ మామ: అది మీ ఇంటి గొడవ. ప్లాన్‌దేం తప్పు?

ఒహాయో అక్క: ఆ గొడవ తెచ్చిందే ప్లాన్!

జెర్సీ బాబాయ్: కొంచెం శాంతించండి ఇద్దరూ.

డాలస్ మామ: చూడమ్మా, నేనీ ప్లాన్ తీసుకుంది రేట్లు వెతకడానికి కాదు. హెచ్‌ఎస్‌ఏలో (ఈ ప్లాన్‌తో తెరిచే వైద్య ఖర్చుల పొదుపు ఖాతా) 2025లో ఫ్యామిలీకి 8,550 డాలర్ల దాకా టాక్స్ లేకుండా వేసుకోనిచ్చారు. ఆ డబ్బు ముట్టుకోను, ఇన్వెస్ట్ చేస్తా.

ఒహాయో అక్క: ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా! పక్కన పెట్టే స్తోమత ఉంటే ఇది పొదుపు. మా ఆయన కంపెనీలో ఇంకో ప్లానే లేదు, మా హెచ్‌ఎస్‌ఏ ఖాళీ. మమ్మల్ని బద్ధకస్తులంటున్నారు.

డాలస్ మామ: మిమ్మల్ని అనలేదు.

జెర్సీ బాబాయ్: ఇంతకీ నేనేది తీసుకోను? శుక్రవారం లాస్ట్ డేట్.

సియాటిల్ కుర్రాడు: పిల్లలున్నారా బాబాయ్?