ఇంటి ముందు నీళ్లు నిలుస్తున్నాయి: వాలు మార్చాలా, పైపు వేయాలా?

మా ఇంటి ముందు స్థలం 24 అడుగుల వెడల్పు, గేటు నుంచి మెట్ల దాకా 16 అడుగులు. మధ్యలో రాతి పలకల దారి, రెండు వైపులా పూల మొక్కలు వేయాలని కాగితం మీద గీసుకున్నాను. కానీ గంటసేపు గట్టి వాన పడితే మెట్ల పక్కన రెండంగుళాల నీరు నిలుస్తోంది, మర్నాటి సాయంత్రానికి గానీ ఇంకడం లేదు. నీళ్లు నింపిన గొట్టంతో మట్టం చూస్తే, గేటు కంటే మెట్ల దగ్గర నేల 3 అంగుళాలు దిగువన ఉంది.

మొదట బంకమట్టిలో ఇసుక కలిపాను. ఎండాక ఇటుకలా బిగుసుకుపోయింది. తర్వాత మెట్ల పక్కన అడుగు లోతు కందకం తీసి కంకర నింపాను. నీరు బయటికి పోయే దారి లేక అది తొట్టిలా తయారైంది. మరోచోట అడుగు లోతు గొయ్యి తవ్వి నీళ్లు పోస్తే 24 గంటల తర్వాత కూడా 7 అంగుళాలు మిగిలాయి. ఈలోగా మూడు మందారాలు చనిపోయాయి. పీకి చూస్తే వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టుకోగానే తొక్క ఊడి వచ్చింది. చాలా బాధ కలిగింది.

ఇంటి నుంచి బయటికి 10 అడుగులకు రెండున్నర అంగుళాల వాలు రావాలంటే గేటు దగ్గర సుమారు 7 అంగుళాల మట్టి తీయాలి. అక్కడున్న పాత చెట్టు వేళ్లు తెగుతాయేమోనని నా భయం. గేటు బయటి కాలువ అడుగు మాత్రం గేటు మట్టానికి 18 అంగుళాల దిగువన ఉంది.

చెట్టును కాపాడుకుంటూ, వాలు అలాగే వదిలేసి, కంకర కందకంలో 4 అంగుళాల చిల్లుల పైపు వేసి కాలువలోకి కలిపితే ఈ బంకనేలలో నీరు నిలవకుండా పోతుందా?