జింక్ ఫింగర్ ప్రోటీన్లు: నిజంగా మందుకు లొంగుతాయా, పేపర్లకే పరిమితమా?

బెంచ్‌పక్షి:
ఏ క్యాన్సర్ పేరు వెతికినా పక్కన ఒక జెడ్‌ఎన్‌ఎఫ్ (జింక్ ఫింగర్ ప్రోటీన్) నంబరు పెట్టి "కొత్త బయోమార్కర్ (జబ్బు జాడ చెప్పే గుర్తు), మంచి డ్రగ్ టార్గెట్ (మందు గురిపెట్టదగ్గ ప్రోటీన్)" అని తేల్చేసిన పేపరు ఒకటి దొరుకుతుంది. నా దృష్టిలో రెండూ అతిశయోక్తులే. ఇవి ఎక్కువగా డీఎన్‌ఏను పట్టుకుని జన్యువులను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్లు. మనిషిలో సీ2హెచ్2 రకం జింక్ ఫింగర్ ప్రోటీన్లే 700 దాకా ఉన్నాయి. ఒక్కో ఫింగర్ దాదాపు 30 అమైనో ఆమ్లాల ముక్క. రెండు సిస్టీన్లు, రెండు హిస్టిడిన్లు కలిసి ఒక జింక్ అయాన్‌ను పట్టుకుంటాయి, అంతే. చాలా క్యాన్సర్ మందులు గురిపెట్టే కైనేజ్ అనే ఎంజైమ్‌లో, కణానికి శక్తినిచ్చే ఏటీపీ కూర్చునే చోటుంది, మందు అక్కడ దూరుతుంది. దీనిలో దూరడానికి గుంటేదీ? పోనీ జింక్‌నే లాగేద్దామని హెచ్‌ఐవీ న్యూక్లియోక్యాప్సిడ్ (వైరస్ ఆర్‌ఎన్‌ఏను చుట్టుకుని ఉండే, జింక్ ఉన్న ప్రోటీన్) మీద ఏళ్ల తరబడి ప్రయత్నించారు. ఆ దారిలో ఒక్క హెచ్‌ఐవీ మందూ బయటికి రాలేదు.

మైలోమావార్డు:
గుంట లేకుండానే పని జరిగిపోయిందండీ. థాలిడోమైడ్ చుట్టమైన లెనలిడోమైడ్ మందుకు మైలోమాలో (ఒక రకం రక్త క్యాన్సర్) 2006లోనే ఆమోదం వచ్చింది. అది చేసే పనేమిటో 2014లో గానీ తేలలేదు. మందు వెళ్లి సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. పారేయాల్సిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే గుర్తు తగిలించే యంత్రాంగంలో సెరెబ్లాన్ ఒక భాగం. మందు అతుక్కోగానే ఇకారోస్, ఐయోలోస్ అనే రెండు జింక్ ఫింగర్ ప్రోటీన్లు అక్కడ చక్కగా ఇముడుతాయి, కణంలోని చెత్త నలిపే యంత్రం, ప్రోటియాజోమ్, వాటిని ముక్కలు చేసేస్తుంది. వాటి వెనకే మైలోమా కణం బతకడానికి కావాల్సిన ఐఆర్‌ఎఫ్4 ప్రోటీన్ పడిపోతుంది, మైలోమా కణం ఇక నిలబడలేదు. మందు పట్టుకునేది సాక్షాత్తూ మీరు పనికిరాదన్న జింక్ ఫింగర్ మలుపునే. ఐయోలోస్‌లో 147వ గ్లుటమైన్ ఒక్కటి మారిస్తే చాలు, మందు దాన్నేమీ చేయలేదు.

బెంచ్‌పక్షి:
అది ఎవరూ ప్లాన్ చేసింది కాదు కదా! పైగా ఇదే సెరెబ్లాన్ దారిలో, లెనలిడోమైడ్‌కు ముందొచ్చిన థాలిడోమైడ్ వల్ల సాల్4 అనే ప్రోటీన్ కూడా పోయింది. థాలిడోమైడ్ 1957లో అమ్మకానికి వచ్చింది. 1961లో వెనక్కి తీసుకునే సమయానికి వేల మంది పిల్లలు చేతులు, కాళ్ల లోపాలతో పుట్టేశారు. దానికి ముఖ్య కారణం సాల్4 నాశనం కావడమే కావచ్చని 2018లో బయటపడింది. అదీ జింక్ ఫింగర్ ప్రోటీనే. సాల్4 జన్యువులో పుట్టుకతో లోపం ఉన్నవాళ్ల చేతులు కూడా అలాగే ఉంటాయి. ఒకే అచ్చులో పోసినట్టున్న వందల ప్రోటీన్లలో ఒకదాన్నే ఎలా ఏరతారు?

అణుశిల్పి:
మొదటిసారి అదృష్టమే, కాదనను. ఇప్పుడు నిర్మాణం చూసి మరీ గీస్తున్నారు. హీలియోస్ అనే ఇంకో జింక్ ఫింగర్ ప్రోటీన్‌ను తీసేసి, దాని దగ్గర చుట్టమైన ఇకారోస్‌ను వదిలేసే అణువు మనుషుల మీద ట్రయల్ దాకా వచ్చింది. ఏరడం కష్టం, అసాధ్యం కాదు. సాల్4ను మాత్రం ప్రతి కొత్త అణువుకూ ముందే పరీక్షించాల్సిందే.

కొత్తపాఠకుడు:
మధ్యలో అడ్డొస్తున్నాను, క్షమించాలి. జింక్ టాబ్లెట్లు వేసుకుంటే ఇవి పెరుగుతాయా?

మైలోమావార్డు:
లేదండీ. జింక్ వాటి ఆకారాన్ని నిలబెడుతుంది. ఏ ప్రోటీన్ ఎంత తయారవ్వాలో టాబ్లెట్ తేల్చదు.

స్లైడుబాక్స్:
మందుల సంగతి మీరు తేల్చుకోండి, బయోమార్కర్ దగ్గర మాత్రం నేను ఒప్పుకోను. గాటా3 కూడా జింక్ ఫింగరే. క్యాన్సర్ ఎక్కడ మొదలైందో తెలియని లింఫ్ నోడ్ ముక్క వస్తే గాటా3 ఉందో లేదో చూపే స్టెయిన్ (రంగు పరీక్ష) వేస్తాం. కేంద్రకాలు గోధుమ రంగులోకి తిరిగితే ముందు రొమ్ము, మూత్రాశయం వైపు చూస్తాం. ఇంకొన్ని ట్యూమర్లలోనూ వస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోం. బీ-సెల్ ఏఎల్‌ఎల్ అనే రక్త క్యాన్సర్‌లో ఇకారోస్ జన్యువు, అంటే ఐకేజెడ్‌ఎఫ్1, కొంత తెగిపోయి ఉంటే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువని 2009 నుంచీ తెలుసు.

గుణింతం:
డాక్టరుగారూ, మీరు చెప్పినవి ఆ గుంపులో మెరికలు. బెంచ్‌పక్షి గారి గోల మిగతా వందల గురించి. ఆ పేపర్లు ఎలా పుడతాయో నేను రోజూ చూస్తుంటాను. పబ్లిక్ డేటా దించుకుంటారు, ప్రోటీన్ ఎక్కువ, తక్కువ అని రోగులను విడదీసే గీత ఎక్కడ గీస్తే రెండు సర్వైవల్ కర్వ్‌లు (ఎవరు ఎంతకాలం బతికారో చూపే గీతలు) బాగా విడిపోతాయో అక్కడే గీస్తారు, పీ-విలువ (ఫలితం యాదృచ్ఛికం కాదనడానికి చూపే అంకె) అచ్చేస్తారు. వేరే ఆసుపత్రి రోగుల్లో సరిచూసిన పాపాన పోరు. పైగా 19వ క్రోమోజోమ్ మీద ఈ జన్యువులు గుంపులుగా ఉంటాయి, ఒకదాని నకలు ఇంకొకటి అన్నట్టు. చిన్న సీక్వెన్స్ ముక్క ఏ జన్యువుదో చెప్పడమే ఒక తలనొప్పి, ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీ పొరపడటం ఇంకో తలనొప్పి.

అణుశిల్పి:
అది పేపర్ల తప్పు, ప్రోటీన్లది కాదు. సికిల్ సెల్ జబ్బు చూడండి. పిండ హీమోగ్లోబిన్‌ను అణచిపెట్టే బీసీఎల్11ఏ జింక్ ఫింగరే. దాన్ని తగ్గించే క్రిస్పర్ (జన్యువును కత్తిరించే పద్ధతి) చికిత్స క్యాస్‌జెవీకి 2023లో ఆమోదం వచ్చింది. టార్గెట్ అంటే ఇంతకంటే ఏం కావాలి?

బెంచ్‌పక్షి:
అది ప్రోటీన్ మీద మందు కాదండీ, జన్యువు మీద కత్తెర. ఆ కత్తెర కూడా ఎక్కడ వేశారో చూడండి. బీసీఎల్11ఏ ప్రోటీన్‌ను రాసే భాగాన్ని ముట్టుకోలేదు. ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్‌ను (జన్యువును పెంచే డీఎన్‌ఏ స్విచ్) తెంచారు. ఎందుకంటే బీ-కణాలకూ, మెదడు ఎదుగుదలకూ ఆ ప్రోటీన్ కావాలి. అదే ప్రోటీన్‌ను ఒళ్లంతా తీసేసే మాత్ర వస్తే పిల్లలకు వేయడానికి మీరు ఒప్పుకుంటారా?