లాగి వదిలిన ఫైలు: తరలించాలా, కాపీ చెయ్యాలా, అడగాలా?

కొసరు:
విండోస్ ఎక్స్‌ప్లోరర్‌, మ్యాక్ ఫైండర్‌ రెండింటిదీ ఒకే పద్ధతి. లాగిన చోటు, వదిలిన చోటు ఒకే డిస్కులో ఉంటే ఫైలు తరలిపోతుంది, వేరే డిస్కయితే కాపీ అవుతుంది. కొత్త ఫైల్ మేనేజర్ రాసేవాళ్లు దీన్నే గుడ్డిగా దించుకోకూడదని నా వాదన. చేతి కదలిక ఒకటే, ఫలితాలు రెండు. ఎడమ పట్టీలో కనిపించే ఫోల్డర్ ఏ డిస్కులో ఉందో బొమ్మ చూస్తే తెలియదు. లినక్స్‌లో వాడే కేడీఈ డెస్క్‌టాప్ వాళ్ల ఫైల్ మేనేజర్ డాల్ఫిన్‌లో లాగా, వదిలిన చోటే చిన్న మెనూ తెరిచి తరలించాలా, కాపీ చెయ్యాలా, లింకు పెట్టాలా అని అడగాలి.

పాతకీబోర్డు:
కొసరు గారూ, మెనూ మొదటి పదిసార్లే చదువుతారండీ. ఆ తర్వాత చెయ్యి దానంతటదే మొదటి వరుస మీద నొక్కేస్తుంది. అప్పుడు అది అడిగినట్టూ కాదు, అడగనట్టూ కాదు.

పైగా ఆ డిస్కు నియమం ఊరికే పుట్టలేదు. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లను పేర్చిపెట్టే ఏర్పాటు) తరలింపు అంటే రీనేమ్ మాత్రమే. డేటా కదలదు, డైరెక్టరీలో పేరు మారుతుందంతే. 50 జీబీ వీడియో అయినా క్షణంలో అయిపోతుంది, సగంలో ఆగే ప్రమాదం లేదు. డిస్కులు వేరైతే మొత్తం రాసి, తర్వాత అసలును చెరపాలి. మధ్యలో పెన్‌డ్రైవ్ ఊడితే ఏమిటి గతి? అందుకే అక్కడ అసలును ముట్టుకోకుండా కాపీ చేస్తారు. ఏది క్షేమమో అదే డిఫాల్ట్.

ఇనోడ్:
"ఒకే డిస్కు" అన్నమాట దగ్గరే అసలు చిక్కు. లినక్స్‌లో చాలా కోడ్ రెండు ఫోల్డర్ల డివైస్ నంబర్ (ఏ డిస్కులో ఉన్నాయో చెప్పే అంకె) పోల్చి తేల్చేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌లో ఒక్కో సబ్‌వాల్యూమ్‌కి (దాని లోపలి విభాగానికి) ఒక్కో నంబర్ వస్తుంది. వాడేవాళ్లకి కనిపించేది ఒక్క డిస్కే, జరిగేది కాపీ. ఒక ఫోల్డర్‌నే ఇంకోచోట కూడా కనిపించేలా చేసే బైండ్ మౌంట్‌లో దీనికి తలకిందులు: నంబర్ ఒకటే, కానీ రీనేమ్ పిలిస్తే లినక్స్ కెర్నెల్ ఎక్స్‌డెవ్ ఎర్రర్ (ఇది వేరే డిస్కు, రీనేమ్ కుదరదు అని) ఇస్తుంది. కాబట్టి తరలింపు అని తేలాక ముందు రీనేమ్ ప్రయత్నించండి. ఎక్స్‌డెవ్ వస్తే తాత్కాలిక పేరుతో కాపీ చేసి, ఎఫ్‌సింక్ (డేటా నిజంగా డిస్కు మీద పడేలా చెయ్యడం) అయ్యాక అసలు పేరు పెట్టి, ఆ తర్వాతే పాతది చెరపండి. ఈ వరుస తప్పితే ఫైలు పోతుంది.

ఇంకొకటి. పాయింటర్ పక్కన కాపీ గుర్తుగా ప్లస్ చూపించాలంటే వదలకముందే ఫోల్డర్ గురించి తెలియాలి. అది నెట్‌వర్క్ ఫోల్డర్ అయితే ఆ ఒక్క ప్రశ్నకే విండో బిగుసుకుపోతుంది. దాన్ని వేరే థ్రెడ్‌లో (విండోని ఆపకుండా పక్కన విడిగా నడిచే పనిలో) అడిగి, జవాబును లాగడం ముగిసేదాకా దాచుకోవాలి. జవాబు రాకముందే వదిలేస్తే కాపీయే చెయ్యాలి. గుర్తు ఒకటి చూపించి పని ఇంకొకటి చేస్తే మాత్రం ఏ నియమమూ మిమ్మల్ని కాపాడదు.

కీల సంగతీ అంతే. విండోస్‌లో కంట్రోల్ కాపీకి, షిఫ్ట్ తరలింపుకి. మ్యాక్‌లో ఆప్షన్, కమాండ్. లెక్కలోకి వచ్చేది మౌస్ బటన్ వదిలిన క్షణంలో కీ ఉందా లేదా అనేదే. రెండు చేతులూ ఒకేసారి లేచినప్పుడు కంట్రోల్ వేలు రెప్పపాటు ముందు లేస్తే కాపీ కాస్తా తరలింపు అవుతుంది. కీ లేచిన 100 మిల్లీసెకన్లలోపు బటన్ వదిలితే కీ ఉన్నట్టే లెక్కించాలని నా సూచన.

తెరచాప:
మీరంతా కావాలని లాగినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఫైళ్లు ఎక్కువగా "మాయమయ్యేది" లాగాలని అనుకోనప్పుడు. డబుల్ క్లిక్‌లో చెయ్యి కొంచెం జారితే ఫోల్డర్ వెళ్లి పక్క ఫోల్డర్‌లో పడుతుంది. ఎన్ని పిక్సెళ్లు కదిలితే లాగినట్టు అనేదానికి విండోస్‌లో డిఫాల్ట్ 4, లినక్స్ ప్రోగ్రాముల విండోలు కట్టే లైబ్రరీలైన జీటీకేలో 8, క్యూటీలో 10. పిక్సెళ్లు ఒత్తుగా ఉన్న తెర మీద స్కేలింగ్ కలపకపోతే 4 పిక్సెళ్లంటే వెంట్రుకవాసి.

ఎడమ పట్టీలో ఆటోస్క్రోల్ ఇంకా ఘోరం. అంచు దగ్గర పట్టుకుంటే జాబితా కింద నుంచి జరుగుతూ ఉంటుంది, వదిలే క్షణానికి పాయింటర్ కింద వేరే ఫోల్డర్ ఉంటుంది. జాబితా ఆగి, ఫోల్డర్ పేరు వెలిగి 200 మిల్లీసెకన్లు గడిచాకే డ్రాప్ ఒప్పుకోండి. ఎస్కేప్ నొక్కితే అంతా రద్దవ్వాలి.

నా ఓటు మెనూకి కాదు, అన్‌డూకి. "17 ఫైళ్లు 'రసీదులు' ఫోల్డర్‌లోకి వెళ్లాయి" అని కింద పట్టీలో చూపిస్తూ పక్కనే వెనక్కి తెచ్చే బటన్ పెట్టండి. అదే పేరున్న పాత ఫైలు మీద రాసేటప్పుడు పాతదాన్ని చెరపకుండా ట్రాష్‌లోకి పంపితేనే ఆ బటన్ నిజంగా పనిచేస్తుంది.

కొసరు:
అన్‌డూ ఒప్పుకుంటాను, తెరచాప గారూ. ఒకే డిస్కులో మెనూ వద్దు, మీ అన్‌డూ పట్టీ చాలు. కానీ పెన్‌డ్రైవ్ తీసేశాక అన్‌డూ దేన్ని వెనక్కి తెస్తుంది? తీయగలిగే డిస్కుకి, నెట్‌వర్క్ ఫోల్డర్‌కి మెనూ ఉండాల్సిందే.

పాతకీబోర్డు:
అక్కడ జరిగేది కాపీయే కదండీ, అసలు ఉన్నచోటే ఉంటుంది. మెనూ కావాలన్నవాళ్లకి కుడి బటన్‌తో లాగడం విండోస్‌లో ఎప్పటినుంచో ఉంది, అదే పెట్టండి.

కొసరు:
టచ్‌ప్యాడ్ మీద కుడి బటన్ పట్టుకుని లాగి చూడండి, రెండు చేతులూ కావాలి.

ఇనోడ్:
అసలు లాగలేనివాళ్లూ ఉన్నారు. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా చేసే మార్గదర్శకాలు) వెబ్ కోసం రాసిందే అయినా, లాగి చేసే పనికి లాగకుండా చేసే దారి ఉండాలన్న దాని 2.5.7 నియమం ఇక్కడా వర్తింపజెయ్యాలి. కట్, పేస్ట్‌తో పాటు కుడి క్లిక్ మెనూలో "ఇక్కడికి తరలించు..." పెడితే, కొసరు గారు అడిగే ప్రశ్న అక్కడ తీరిగ్గా అడగొచ్చు.