136వ కీర్తనలో ‘మనము’ ఎందుకు, ‘మేము’ ఎందుకు కాదు?

ప్రశ్న: మొన్న కోత పండుగ ఆరాధనలో బైబిల్లోని 136వ కీర్తన ఉత్తర ప్రత్యుత్తరంగా చదివాం. 23వ వచనం “మనము దీనదశలోనున్నప్పుడు ఆయన మనలను జ్ఞాపకము చేసికొనెను” అని ఉంది. స్తుతి దేవుడికి కదా, ‘మేము’, ‘మమ్మును’ అని ఉండొద్దా? పెద్దలు చెప్పగలరు.

జవాబు: అక్కడ ‘మనము’ ఉండటమే సరి అండీ. ఆ కీర్తనలో ఎవరూ దేవుడితో మాట్లాడటం లేదు. మొదటి వచనం చూడండి: “యెహోవా దయాళుడు ఆయనకు కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి.” చెల్లించుడి అని చెబుతున్నది ఎదురుగా ఉన్న జనానికి. 26 వచనాలు వెతికినా దేవుణ్ని ‘నీవు’ అన్నచోటు ఒక్కటీ దొరకదు, అంతా ‘ఆయన’. స్తుతి దేవుడికే, మాట మాత్రం తోటివాళ్లతో. వింటున్నవాళ్లూ ఆ మేలు పొందినవాళ్లే. వాళ్లతో ‘మేము’ అంటే, ఆ మేలులో మీకు భాగం లేదని చెప్పినట్టవుతుంది.

హీబ్రూలో రెంటికీ ఒకటే సర్వనామం, ఇంగ్లీషులోనూ అంతే. అందుకే తెలుగులోకి తెచ్చినవాళ్లు ప్రతిచోటా ఆగి, ఇది ఎవరు ఎవరితో అంటున్నారో తేల్చుకోవాల్సి వచ్చింది. తమిళ బైబిలులో కూడా ఈ వచనంలో ‘నమ్మై’ (మనల్ని) అనే ఉంటుంది, ‘ఎంగళై’ (మమ్మల్ని) అని కాదు. కన్నడంలో అయితే ఈ తేడా ఇప్పుడు లేదు, ‘నావు’ ఒక్కటే.

వాళ్లు ఎంత జాగ్రత్తగా చేశారో చూడాలంటే 126వ కీర్తన తీయండి. మూడో వచనం: “యెహోవా మనకొరకు గొప్పకార్యములు చేసియున్నాడు.” చెర నుంచి తిరిగి వచ్చినవాళ్లు ఒకరితో ఒకరు చెప్పుకుంటున్న సంతోషం అది. వెంటనే నాలుగో వచనంలో దేవుడివైపు తిరుగుతారు: “చెరపట్టబడిన మా వారిని రప్పించుము.” మూడులో ‘మన’, నాలుగులో ‘మా’. ముఖం ఎటు తిరిగిందో ఆ ఒక్క అక్షరం కూడా చెబుతుంది. నాకు ఈ చోటు చదివిన ప్రతిసారీ మనసు నిండిపోతుంది.

ఇక 136కి వస్తే, ఆ ‘మనము’ ఎక్కడ వచ్చిందో కూడా గమనించండి. ముందు సూర్యచంద్రులు, తర్వాత ఐగుప్తు, ఎర్రసముద్రం, అరణ్యం, ఆపైన అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు. 22 వచనాల దాకా అంతా ఎప్పుడో జరిగిన సంగతులే. 23లో కథ ఒక్కసారిగా మన గుమ్మంలోకి వస్తుంది. 25లో ఇంకా వెడల్పయి, సమస్త జీవులకూ ఆహారం ఇచ్చేవాడు అంటుంది. కోత పండుగకి మీ సంఘం ఈ కీర్తన ఎంచుకోవడం ఎంత బాగుందో!

“ఆయన కృప నిరంతరముండును” అని 26 సార్లు రావడం కూడా ఇందుకే. అది సంఘం వంతు. మా వీధిలో ఒకావిడ ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికి వచ్చాక కృతజ్ఞత కూడిక పెట్టుకున్నారు. పాస్టరుగారు మొదటి సగం చదువుతుంటే, చదువు రాని ఒక అమ్మమ్మగారు ఆయన నోటివైపే చూస్తూ, ఆయన ఆగడమే ఆలస్యం, అందరికంటే ముందు అందుకునేవారు. నాలుగైదు వచనాలకే పిల్లలూ ఆవిడతో కలిశారు. పుస్తకం అవసరం లేని భాగం అది. బైబిల్లో ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయంలో, యెరూషలేములో రెండో మందిరానికి పునాది వేసినప్పుడు యాజకులు, లేవీయులు వంతులవారీగా పాడింది కూడా ఈ మాటే. మొదటి మందిరం చూసిన ముసలివాళ్లు అక్కడ గట్టిగా ఏడ్చారు. సంతోషంతో వేసిన కేకలేవో ఏడుపేదో తెలియలేదట. ఆ ఏడ్చినవాళ్లు కూడా ‘మనము’లో ఉన్నవాళ్లే.

వ్యాఖ్య: చాలా బాగా చెప్పారండీ. మా దగ్గర ప్రార్థన నడిపించే ఒక అన్న “ప్రభువా, మనల్ని దీవించు” అంటుంటారు. మరి అది?

జవాబు: వ్యాకరణం చూస్తే అక్కడ ‘మమ్మల్ని’ అనాలండీ. ‘మనల్ని’ అంటే దీవెన అడిగేవాళ్లలో ప్రభువును కూడా కలిపినట్టవుతుంది. ప్రభువు ప్రార్థనలో “మా తండ్రీ”, “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అనే ఉంది కదా. అయితే ఆ అన్న అప్పటిదాకా జనంతో “మనకు దేవుడు ఎన్ని మేలులు చేశాడో” అని చెప్పి, అదే ఊపులో కళ్లు మూసుకుంటారు. నోట ‘మన’ అలాగే ఉండిపోతుంది. కూడికలో మాత్రం దీని గురించి ఎత్తకండి, ఆయన మనసు ఎటువైపు ఉందో అందరికీ తెలుసు. వీలు చూసుకుని ఆయనతో కలిసి 126వ కీర్తనలో ఆ రెండు వచనాలూ చదవండి, చాలు. మీ సంఘంలో ఉత్తర ప్రత్యుత్తరంగా చదవడానికి ఇంకోటి కావాలంటే 124 తీసుకోండి. అందులోనూ “యెహోవా మనకు తోడైయుండని యెడల” అని ‘మన’తోనే మొదలవుతుంది.